ఇన్‌ఫ్రా సపోర్ట్ ఆఫ్‌షోర్‌కి ఇచ్చేటప్పుడు వచ్చే రిస్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

సర్వర్లు, నెట్‌వర్క్, బ్యాకప్, సర్వీస్ డెస్క్ లాంటి ఇన్‌ఫ్రా పనిని ఆఫ్‌షోర్‌కి, అంటే వేరే దేశం నుంచి బెంగళూరులోనో చెన్నైలోనో ఉన్న వెండార్‌కి (ఆ పని చేసిపెట్టే కంపెనీకి) ఇచ్చిన కంపెనీల్లో తెలుగువాళ్లున్నారు, ఆ పని రాత్రీపగలూ చేసే టీముల్లోనూ తెలుగువాళ్లున్నారు. రెండు వైపుల నుంచీ నాకు దాదాపు ఒకే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట పెట్టాను. నేను బెంగళూరులో డెలివరీ వైపు, అంటే ఆ పని చేసే టీముల వైపు ఉంటాను. ఏ జవాబు విడిగా చదివినా అర్థమవుతుంది, మీకు కావాల్సిన ప్రశ్నకి నేరుగా వెళ్లిపోండి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈ పనిలో సమస్య ఎక్కడ మొదలైనా, అది పెద్ద నష్టంగా మారేది మాత్రం చూసినవాడు చెప్పాల్సినవాళ్లకి ఆలస్యంగా చెప్పినప్పుడే.

## పంపాలా వద్దా అని ఆలోచిస్తున్న దశ

ఖర్చు తగ్గుతుందని మేనేజ్‌మెంట్ అంటోంది, నిజంగా తగ్గుతుందా?

రేట్ కార్డులు పక్కపక్కన పెట్టి చూస్తే తగ్గినట్టే కనిపిస్తుంది. కేటీ (పాత టీమ్ కొత్త టీమ్‌కి పని నేర్పి అప్పగించడం) నడిచే నెలల్లో పాత టీమ్‌కీ కొత్త టీమ్‌కీ ఇచ్చే రెండు ఖర్చులు, వెండార్‌ని చూసుకోడానికి మీ దగ్గర మిగలాల్సిన మనుషులు, అదనపు లింకులు, ఆడిట్లు, టూల్ లైసెన్సులు ఆ లెక్కలోకి సాధారణంగా రావు. అవి కలిపాక కూడా లాభం ఉంటే ముందుకెళ్లండి, చాలాసార్లు ఉంటుంది కూడా. రిస్క్ సంగతి వేరే. మీ సిస్టమ్‌ని ఎందుకలా కట్టారో తెలిసినవాళ్లు వెళ్లిపోతారు, మీరెప్పుడూ చూడని మనుషుల చేతికి అడ్మిన్ యాక్సెస్ వెళ్తుంది, సమస్య చూస్తున్నవాడు మేలుకుని ఉన్నప్పుడు నిర్ణయం తీసుకోవాల్సినవాడు నిద్రలో ఉంటాడు. ఈ మూడింటికీ మీ వైపు ఎవరు జవాబుదారీనో పేర్లు రాసుకున్నాకే సంతకం పెట్టండి.

ఏ పనులు పంపొచ్చు, ఏవి మన దగ్గరే ఉంచుకోవాలి?

మానిటరింగ్, ప్యాచింగ్ (సాఫ్ట్‌వేర్ లోపాలు సరిదిద్దే అప్‌డేట్లు వేయడం), బ్యాకప్, సర్వీస్ డెస్క్, రోజువారీ సర్వర్, నెట్‌వర్క్ పనులు పంపొచ్చు. ఆర్కిటెక్చర్ నిర్ణయాలు, ఎవరికి ఏ యాక్సెస్ ఇవ్వాలన్న ఆమోదం, పెద్ద మార్పులకి చివరి సంతకం, సెక్యూరిటీ ఘటనలో ఏం చేయాలన్న నిర్ణయం మీ దగ్గరే ఉండాలి. వెండార్ చెప్పింది సరైనదో కాదో చెప్పగల ఇంజనీర్లు కనీసం ఇద్దరు మీ జీతం మీద ఉండాలి. ఒక్కరే అయితే ఆయన లీవులో ఉన్న రోజున మీకు చూపులేనట్టే.

మేం ఇస్తున్నది మా గ్రూప్ కంపెనీకే. బయటి వెండార్‌కి చేసినంత చెకింగ్ అవసరమా?

అవసరమే, ఇంకా చెప్పాలంటే ఇక్కడే ఎక్కువ అవసరం, ఎందుకంటే మనవాళ్లే కదా అని ఎవరూ గట్టిగా అడగరు. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో తన మాతృసంస్థ గ్రూప్‌కే చెందిన సాబిస్ అనే ఐటీ కంపెనీ సిద్ధం చేసిన కొత్త ప్లాట్‌ఫామ్‌కి మారింది. ఒక్కసారిగా లక్షలమంది ఖాతాదారులు తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు, మామూలు స్థితికి రావడానికి ఆ ఏడాది డిసెంబర్ దాకా పట్టింది. బ్యాంకుకి 2022 డిసెంబర్‌లో 4.865 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. 2023లో అప్పటి సీఐఓకి (ఐటీ అధిపతికి) వ్యక్తిగతంగా 81,620 పౌండ్లు వేశారు, ఔట్‌సోర్సింగ్‌ని సరిగ్గా పర్యవేక్షించడానికి తగిన చర్యలు తీసుకోలేదని. "మేం సిద్ధంగా ఉన్నాం" అని గ్రూప్ కంపెనీ రాసిచ్చిన ఉత్తరం ఆయన్ని కాపాడలేదు. బెంగళూరులో మీ సొంత జీసీసీ (మీ కంపెనీయే నడుపుకునే సెంటర్) ఉన్నా సరే టెస్ట్ రిజల్ట్స్ చూపించమని అడగండి, కింద ఇంకెవరి మీద ఆధారపడుతున్నారో కూడా అడగండి.

బెంగళూరా, చెన్నైనా? రిస్క్ పరంగా తేడా ఉందా?

ఉంది. చెన్నైకి ఈశాన్య రుతుపవనాల కాలం, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా గడ్డుకాలం. 2015 డిసెంబర్ వరదల్లో ఎయిర్‌పోర్టే రోజుల తరబడి మూతపడింది, 2016 డిసెంబర్ 12న వర్ధా తుపాను, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్. మీ క్లయింట్ రిటైల్ వ్యాపారమైతే వాళ్లకి ఏడాదిలో అత్యంత రద్దీ రోజులూ అవే. బెంగళూరుకి తుపానుల భయం తక్కువ, కానీ 2022 సెప్టెంబర్‌లో అవుటర్ రింగ్ రోడ్డు మీద, బెల్లందూర్ చుట్టుపక్కల నీళ్లు నిలిచి ఆఫీసులకి జనం ట్రాక్టర్ల మీద వెళ్లారు. 2016 సెప్టెంబర్ 12న కావేరీ నీళ్ల గొడవల్లో బస్సులు తగలబడ్డాయి, ఆఫీసులు ముందే ఇళ్లకి పంపేశాయి.

కాబట్టి ఒకే ఊళ్లో రెండు బిల్డింగులు చూపించి బ్యాకప్ సైట్ అంటే ఒప్పుకోకండి. ఒకటి మారతహళ్లిలో, ఇంకొకటి ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటే రెండింటికీ వచ్చే మనుషులు ఇరుక్కునేది ఒకే ట్రాఫిక్‌లో. కావేరీ విషయంలో రెండు రాష్ట్రాల్లోనూ ఒకే వారంలో బందులు జరగొచ్చు కాబట్టి, పీ1లు (అన్నిటికంటే తీవ్రమైన సమస్యలు) చూడగల చిన్న టీమ్ హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉంటే ఇంకా మంచిది. ఆ టీమ్ కాగితం మీద కాకుండా నెలకి కొన్ని షిఫ్టులైనా నిజంగా నడపాలి.

వెండార్‌కి సమాచార భద్రత మీద ఐఎస్‌ఓ 27001 సర్టిఫికెట్, సాక్ 2 ఆడిట్ రిపోర్ట్ రెండూ ఉన్నాయి. ఇంకేం చూడాలి?

ఆ సర్టిఫికెట్ ఏ ఆఫీసుకి, ఏ సర్వీసుకి ఇచ్చారో స్కోప్ పేజీ చదవండి, మీ టీమ్ కూర్చునే ఫ్లోర్ అందులో లేకపోవచ్చు. సాక్ 2లో టైప్ 1 అయితే ఒక తేదీ నాటికి కంట్రోల్స్ (భద్రతా ఏర్పాట్లు) ఎలా రూపొందించారో మాత్రమే చూస్తుంది, అవి కొన్ని నెలల పాటు నిజంగా పనిచేశాయా లేదా చూసేది టైప్ 2. అది అడగండి. ఆడిటర్ రాసిన మినహాయింపుల పేజీని మొదట చదవండి. కస్టమర్ చేయాల్సిన కంట్రోల్స్ అని ఇంకో భాగం ఉంటుంది, అందులో రాసినవి మీరు చేయకపోతే మిగతా రిపోర్ట్ మీకు వర్తించదు.

వెండార్ చాలా పెద్ద కంపెనీ. మూతపడే ప్రమాదం ఏముంటుంది?

2009 జనవరి 7 ఉదయం దాకా, అంటే లెక్కల మోసం బయటపడేదాకా, సత్యం కంప్యూటర్స్ గురించి కూడా అందరూ అలాగే అనుకున్నారు, హైదరాబాద్‌లో ఎన్ని ఇళ్లు ఆ రోజు తల్లడిల్లాయో మనకి తెలుసు. ప్రభుత్వం కొత్త బోర్డుని వేసింది, ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా తీసుకుంది, పని ఆగలేదు. కానీ ఆ నెలల్లో ఇబ్బంది తక్కువ పడింది తమ డాక్యుమెంట్లు, పాస్‌వర్డ్‌లు, లైసెన్సులు తమ దగ్గరే పెట్టుకున్న క్లయింట్లే అని నా నమ్మకం.

## కాంట్రాక్ట్ రాసే దశ

ఎస్‌ఎల్‌ఏలో (సర్వీస్ ఎలా నడవాలన్న ఒప్పందంలో) 99.9% సమయం నడవాలని రాశాం, సరిపోతుంది కదా?

30 రోజుల నెలలో 99.9% అంటే 43 నిమిషాలు ఆగిపోవచ్చు, 99.5% అయితే 3 గంటల 36 నిమిషాలు. ఆ 43 నిమిషాలు ఆదివారం తెల్లవారుజామున ఆగినా, జీతాలు పడే రోజున ఆగినా ఎస్‌ఎల్‌ఏ దృష్టిలో ఒకటే, మీకు ఒకటి కాదు. అందుకని వ్యాపారానికి కీలకమైన గంటల్ని వేరుగా రాయండి. గడియారం ఎప్పుడు మొదలవుతుందో రాయండి: అలర్ట్ వచ్చినప్పుడా, టికెట్ (సమస్య నమోదు) తెరిచినప్పుడా? టికెట్‌ని "యూజర్ జవాబు కోసం వేచి ఉంది" అనే స్టేటస్‌లో పెడితే గడియారం ఆగిపోతుంది, దాన్ని ఎవరు ఎన్నిసార్లు వాడారో నెలనెలా చూడండి. కొలిచే టూల్ వెండార్‌దే అయితే దాని డేటా నేరుగా చూసే హక్కు మీకు ఉండాలి.

పెనాల్టీలు గట్టిగా పెడితే భయపడి బాగా చేస్తారు కదా?

భయపడతారు, అంతే. భయం వల్ల జరిగేది ఏంటంటే పీ1 కాస్తా పీ2 (అంతకంటే తక్కువ తీవ్రమైనది) అవుతుంది, "ఇంకో అరగంట చూద్దాం" అని లీడ్ అంటాడు, క్లయింట్‌కి చెప్పేలోపు సర్దేద్దామని నలుగురు కలిసి ఇంకో నాలుగు సర్వర్లు పాడుచేస్తారు. పెనాల్టీ ఉండొద్దని అనడంలేదు, ఉండాలి. కానీ తమ తప్పుని వెండారే మొదట గుర్తించి నిర్ణీత సమయంలో చెబితే పెనాల్టీ బాగా తగ్గుతుందని, దాచినట్టు తేలితే రెట్టింపు అవుతుందని రాయండి. ఈ ఒక్క క్లాజు పది పేజీల పెనాల్టీ టేబుల్ కంటే ఎక్కువ పనిచేస్తుంది.

డేటా అంతా యూరప్ సర్వర్లలోనే ఉంది, ఇక్కడి నుంచి లాగిన్ మాత్రమే అవుతాం. డేటా దేశం దాటినట్టేనా?

యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ లెక్కలో దాటినట్టే. బెంగళూరులో కూర్చుని అక్కడి వ్యక్తిగత డేటాని తెర మీద చూడగలిగినా అది బదిలీయే. ఇండియా డేటా రక్షణ తమతో సమానమని యూరప్ గుర్తించలేదు కాబట్టి 2021లో వచ్చిన ప్రామాణిక క్లాజుల మీద సంతకాలు కావాలి. డేటా ఉల్లంఘన తెలిసిన 72 గంటల్లో క్లయింట్ తన రెగ్యులేటర్‌కి చెప్పాలి, అంటే మీరు ఆయనకి చెప్పడానికి అంతకంటే చాలా తక్కువ టైమ్ ఉంది. యూరప్ బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలైతే 2025 జనవరి 17 నుంచి డోరా అనే ఐటీ రిస్క్ నియమాలు కూడా ఉన్నాయి.

ఇండియా చట్టాలు ఏవి తగులుతాయి?

కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన గుర్తించిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి, లాగ్స్ (సిస్టమ్‌లో ఎవరేం చేశారన్న రికార్డులు) 180 రోజులు ఉంచాలి. క్లయింట్ ఇక్కడి బ్యాంకో పెద్ద ఎన్‌బీఎఫ్‌సీనో (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) అయితే ఆర్‌బీఐ ఐటీ ఔట్‌సోర్సింగ్ ఆదేశాలు చూడాలి, 2023 ఏప్రిల్ 10న ఇచ్చినవి ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఎగ్జిట్ ప్లాన్ (వెండార్‌ని వదిలేటప్పుడు ఏం చేయాలన్నది), ఆడిట్ హక్కు, సబ్‌కాంట్రాక్టర్ల మీద నియంత్రణ అన్నీ అందులో ఉన్నాయి, పని బయటికి ఇచ్చినా బాధ్యత సంస్థదేనని స్పష్టంగా రాశారు. 2023 నాటి మన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం (డీపీడీపీ) విదేశీ క్లయింట్‌తో కాంట్రాక్ట్ కింద విదేశీయుల డేటా చూసే పనికి చాలా మినహాయింపులు ఇచ్చింది, డేటాని భద్రంగా ఉంచే బాధ్యత మాత్రం తీసేయలేదు.

ఇంటి నుంచి పని గురించి కాంట్రాక్ట్‌లో రాయాలా?

రాయాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు డెస్క్‌టాప్‌లు క్యాబుల్లో పెట్టుకుని ఇళ్లకి వెళ్లారు, క్లయింట్ సెక్యూరిటీ టీమ్ అనుమతి రాక చాలామంది ఇంట్లో ఖాళీగా కూర్చున్నారు. ఎలాంటి పరిస్థితిలో, ఏ పనులకి, ఏ లాప్‌టాప్ మీద అన్నది మామూలు రోజుల్లోనే తేల్చుకోండి.

## కేటీ, ట్రాన్సిషన్ దశ

కేటీకి నాలుగు వారాలు ఇచ్చారు. సరిపోతుందా?

క్యాలెండర్‌ని బట్టి తేల్చకండి. ఆ కాలంలో ఒక నెలాఖరు క్లోజింగ్, ఒక ప్యాచింగ్ రౌండ్, ఒక బ్యాకప్ రీస్టోర్, ఒక ఫెయిలోవర్ (ఒక సర్వర్ పడితే ఇంకొకదానికి మారడం) వచ్చాయా చూడండి. రాకపోతే ఆ టీమ్‌కి ఇంకా తెలియనట్టే, పీపీటీలు ఎన్ని ఇచ్చినా. మొదట కొత్తవాళ్లు పక్కన కూర్చుని చూడాలి, తర్వాత వాళ్లు చేస్తుంటే పాతవాళ్లు నోరు మెదపకుండా చూడాలి. ఈ రెండో దశనే అందరూ కుదిస్తారు, అసలు తెలిసేది అక్కడే.

ఇంకో విషయం ఎవరూ బయటికి మాట్లాడరు. కేటీ ఇస్తున్న మనిషి ఉద్యోగం చాలాసార్లు మీ టీమ్ వల్లే పోతోంది. ఆయన ఇరవై ఏళ్లు ఆ సర్వర్లని చూసుకుని ఉంటాడు. మన కుర్రాళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రికార్డింగ్ నొక్కి "నెక్స్ట్ టాపిక్ ప్లీజ్" అంటుంటే ఆయనకి ఎలా ఉంటుంది? క్లయింట్ మేనేజర్లు ఆయనకి చివరిదాకా ఉన్నందుకు బోనస్ ఇవ్వాలి, తర్వాత ఏం జరుగుతుందో నిజం చెప్పాలి. ఆఫ్‌షోర్ టీమ్ ఆయన అనుభవాన్ని అడిగి తెలుసుకోవాలి: ఏ సర్వర్ మిమ్మల్ని భయపెడుతుంది, ఏ మార్పు చేసి బాధపడ్డారు, ఏ యూజర్ ఫోన్ చేస్తే వెంటనే ఎత్తాలి. డాక్యుమెంట్‌లో లేనిదంతా ఈ మూడు ప్రశ్నలకే బయటికి వస్తుంది, గౌరవంగా అడిగితే.

ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లు ఒకరు, జాయినైనవాళ్లు ఇంకొకరు. నిజంగా జరుగుతోందా?

జరుగుతోంది, ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు కూడా. ఇది మనవాళ్లలో అందరికీ తెలిసి ఎవరూ రాయని విషయం కాబట్టి రాస్తున్నాను. ఆరేళ్ల అనుభవం చూపించి చేరిన మనిషికి ప్రొడక్షన్ (నిజంగా వ్యాపారం నడిచే సిస్టమ్) స్టోరేజ్ అప్పగిస్తే, తెలియదని చెప్పుకోలేడు, చెబితే దొరికిపోతాడు, కాబట్టి గూగుల్‌లో చూసిన కమాండ్ ప్రొడక్షన్‌లో కొడతాడు. ఇంటర్వ్యూలో తీసిన ఫొటోని చేరిన రోజు గుర్తింపు కార్డుతో పోల్చండి, పీఎఫ్ రికార్డుతో అనుభవం సరిచూడండి, మొదటి వారంలో ల్యాబ్ సర్వర్ మీద చిన్న పని ఇచ్చి పక్కన కూర్చోండి. నిజంగా ఫ్రెషర్ అయితే ఫ్రెషర్‌గానే తీసుకుని నేర్పించండి, చాలామంది బాగా నేర్చుకుంటారు.

రన్‌బుక్‌లు (ఏ పని ఏ అడుగుల్లో చేయాలో రాసినవి) ఇచ్చారు, అవి సరైనవో కాదో ఎలా తెలుస్తుంది?

టీమ్‌లో అందరికంటే కొత్తగా వచ్చిన అమ్మాయికో అబ్బాయికో ఇచ్చి టెస్ట్ సర్వర్ మీద చేయించండి. ఎక్కడ ఎవరికైనా ఫోన్ చేయాల్సి వచ్చిందో ఆ అడుగు అసంపూర్తి. ప్రతి రన్‌బుక్ మీద చివరిసారి నిజంగా వాడిన తేదీ ఉండాలి.

## రోజువారీ సపోర్ట్

టీమ్ అంతటికీ ఒకే అడ్మిన్ ఐడీ ఉంటే పని తొందరగా అవుతుంది కదా?

అవుతుంది, ఏదైనా జరిగిన రోజు ఎవరు చేశారో తెలియదు, పదిమందీ అనుమానితులే అవుతారు. ప్రతి ఒక్కరికీ సొంత ఐడీ, మల్టీ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు), జంప్ సర్వర్ (లోపలికి వెళ్లే ఒకే ఒక్క గుమ్మం లాంటి సర్వర్) ద్వారా మాత్రమే ప్రవేశం, అడ్మిన్ హక్కు టికెట్ నంబర్ మీద కొన్ని గంటలకే ఇచ్చి తర్వాత తనంతట తను పోవడం, సెషన్ రికార్డింగ్. ఇది ఇంజనీర్ మీద నిఘా అనుకునేవాళ్లకి నేను చెప్పేది, మీరు నిర్దోషి అని చూపించగలిగేది ఆ రికార్డింగే. వాట్సాప్ గ్రూప్‌లో పాస్‌వర్డ్ పెట్టడం, స్క్రీన్ ఫొటో తీసి పంపడం అస్సలు వద్దు, ప్రాజెక్ట్ వదిలి వెళ్లినవాళ్లు ఆ గ్రూప్‌లో ఇంకా ఉంటారు.

సర్వీస్ డెస్క్‌కి ఫోన్ చేసి పాస్‌వర్డ్ మార్చమంటే ఎంత చెక్ చేయాలి?

ఈ రోజుల్లో దాడి చేసేవాళ్లు ఫైర్‌వాల్ దగ్గర కష్టపడటం కంటే హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేయడం తేలికని తెలుసుకున్నారు. అమెరికాలో క్లోరాక్స్ అనే కంపెనీ మీద 2023 ఆగస్టులో దాడి జరిగింది. హెల్ప్‌డెస్క్ నడిపిన కాగ్నిజంట్ ఏజెంట్లు కాల్ చేసినవాడెవడో సరిచూడకుండానే పాస్‌వర్డ్‌లు ఇచ్చేశారని ఆరోపిస్తూ ఆ కంపెనీ 2025 జూలైలో 38 కోట్ల డాలర్లకి దావా వేసింది. తమది పరిమితమైన హెల్ప్‌డెస్క్ పని మాత్రమేనని, వాళ్ల సైబర్ సెక్యూరిటీ తమ బాధ్యత కాదని కాగ్నిజంట్ అంది. కోర్టు ఏం తేల్చినా మనకి పాఠం ఆ ఫోన్ కాల్‌లోనే ఉంది. 2025 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో మార్క్స్ అండ్ స్పెన్సర్ మీద జరిగిన దాడి కూడా వేరొకరిలా నటించడంతోనే, ఒక మూడో పక్షం ద్వారానే మొదలైందని ఆ కంపెనీ చైర్మన్ పార్లమెంట్ కమిటీకి చెప్పారు.

ఉద్యోగి నంబర్, పుట్టినరోజు చెబితే చాలు అనే రోజులు పోయాయి, అవి బయట దొరుకుతాయి. హెచ్‌ఆర్ రికార్డులో ఉన్న నంబర్‌కి మీరే తిరిగి ఫోన్ చేయండి, లేదా మేనేజర్ నుంచి ధ్రువీకరణ తీసుకోండి. అడ్మిన్ ఖాతాలకి ఫోన్ మీద రీసెట్ అసలే వద్దు. ఇంకా ముఖ్యమైంది, "సీఈఓ ఆఫీస్ నుంచి మాట్లాడుతున్నా, రెండు నిమిషాల్లో కావాలి" అని ఒకడు అరుస్తున్నప్పుడు "కుదరదు సర్" అన్న ఏజెంట్‌కి తక్కువ రేటింగ్ పడకూడదు. కాల్ ఎంత తొందరగా ముగించారన్న లెక్క మీద జీతం పెంచుతూ, జాగ్రత్తగా చెక్ చేయమంటే ఎవరు చేస్తారు?

వెండార్ తన మానిటరింగ్ టూల్‌ని మా సర్వర్లలో పెడతానంటున్నాడు. పెట్టనివ్వాలా?

2021 జూలై 2న కసేయా అనే కంపెనీ టూల్‌లో ఉన్న లోపం ద్వారా సర్వీస్ ప్రొవైడర్ల దగ్గర్నుంచి వాళ్ల కస్టమర్ల మీదికి రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) పాకింది, స్వీడన్‌లో కోప్ సూపర్‌మార్కెట్లు వందల సంఖ్యలో మూతపడ్డాయి. ఆ టూల్‌కి అడ్మిన్ హక్కులు ఎందుకో, ప్యాచ్‌లు ఎన్ని రోజుల్లో వేస్తారో, ఇంటర్నెట్ నుంచి దాని కన్సోల్ కనిపిస్తుందో లేదో తెలుసుకున్నాకే ఒప్పుకోండి.

టీమ్‌లో అందరం తెలుగువాళ్లమే, హ్యాండోవర్ తెలుగులో నోటితో చెప్పుకుంటే తప్పేంటి?

మాట్లాడుకోవడం తప్పు కాదు, మంచిదే, సగం సమస్యలు మన భాషలో మాట్లాడితేనే విడతాయి. కానీ క్యాబ్ టైమ్ అయిపోయిందని లిఫ్ట్ దగ్గర చెప్పిన మాట టికెట్‌లో ఉండదు. తర్వాతి షిఫ్ట్‌లో తమిళ అమ్మాయో కన్నడ అబ్బాయో ఉంటే వాళ్లకి చేరదు. తెలుగులో చర్చించండి, తేలినదాన్ని టికెట్‌లో నాలుగు లైన్లు రాయండి: ఏం జరిగింది, ఏం చేశాం, ఏం మిగిలింది, దేనికి భయపడుతున్నాం. చివరి లైన్ మానేయకండి.

సంక్రాంతికి టీమ్ అంతా ఊరెళ్లిపోతారు. ఎలా?

ఇందులో చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. అమెరికా, యూరప్ క్లయింట్లు క్రిస్మస్ ముందు ప్రొడక్షన్ మార్పులు ఆపేస్తారు, జనవరి మొదటి వారంలో తెరుస్తారు. ఆగిన మార్పులన్నీ సరిగ్గా జనవరి రెండో వారంలో పడతాయి, అంటే మన భోగి, సంక్రాంతి, కనుమ, చెన్నైలో పొంగల్. అనుభవం ఉన్నవాళ్లు రైల్లో ఉంటారు, పెద్ద మార్పులు కొత్తవాళ్ల చేతిలో పడతాయి. అక్టోబర్‌లోనే క్లయింట్ చేంజ్ క్యాలెండర్‌లో ఆ వారాన్ని గుర్తించమని అడగండి, చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు. లీవులు ఏడాదికొకరికి వంతులవారీగా ఇవ్వండి, ఉగాదికో దసరాకో వెళ్లగలిగేవాళ్లని ముందే అడగండి. ప్రతి ఏడాదీ పెళ్లికానివాళ్లనే ఉండమనడం అన్యాయం, వాళ్లకీ అమ్మానాన్నా ఉన్నారు.

మార్చిలో, నవంబర్‌లో షిఫ్ట్ టైమింగ్స్ తారుమారు అవుతున్నాయి, ఎందుకు?

మన గడియారం మారదు, వాళ్లది మారుతుంది. న్యూయార్క్‌కీ మనకీ చలికాలంలో పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర. అమెరికా మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం మారుస్తుంది, యూరప్ మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాల్లో. మధ్యలో ఉన్న ఆ వారాల్లోనే హ్యాండోవర్‌లో గంట ఖాళీ పడుతుంది. స్థానిక సమయం మీద పెట్టిన రాత్రి జాబులు (సిస్టమ్ తనంతట తను నడిపే పనులు) ఒకసారి తప్పిపోవచ్చు, ఒకసారి రెండుసార్లు నడవొచ్చు. జాబులు యూటీసీలో (ఏడాదంతా మారని ప్రపంచ ప్రామాణిక సమయంలో) పెట్టండి, రోస్టర్‌లో రెండు సమయాలూ రాయండి.

కీలకమైన ఇంజనీర్ రిజైన్ చేశారు. 90 రోజుల నోటీస్ ఉంది కదా?

కాగితం మీద ఉంది. చివరి నెలలో మిగిలిన లీవులు, ఇంటర్వ్యూలు పోగా మిగిలేది కొన్ని వారాలే. ప్రతి ముఖ్యమైన సిస్టమ్‌కీ ఇద్దరు ఉండాలి, ఆ ఇద్దరూ నెల నెలా పని మార్చుకోవాలి. మనిషి వెళ్లిపోతున్నాడని క్లయింట్‌కి చెప్పకుండా దాచడం ఇక్కడ అలవాటు, అది మానుకోవాలి, ఎందుకంటే తెలిస్తే క్లయింటే ఒక పెద్ద మార్పుని వాయిదా వేసుకుంటాడు.

నైట్ షిఫ్ట్ వాళ్ల ఆరోగ్యం క్లయింట్ రిస్క్ ఎలా అవుతుంది?

తెల్లవారుజామున నాలుగింటికి నిద్ర కళ్లతో తప్పు సర్వర్ రీబూట్ చేసేది మనిషే. వరుసగా నెలల తరబడి ఒకరికే నైట్స్ వేయకండి, పెద్ద మార్పులకి రెండో జత కళ్లు తప్పనిసరి చేయండి. రాత్రి పనిచేసే మహిళలకి ఇంటి గుమ్మం దాకా రవాణా, భద్రత ఇవ్వడం కంపెనీ బాధ్యత. క్లయింట్లు కూడా దీని గురించి అడగాలి, అడిగితే మారుతుంది.

రిపోర్ట్ అంతా గ్రీన్, యూజర్లు మాత్రం తిడుతున్నారు. ఎవర్ని నమ్మాలి?

యూజర్లని. బయట పచ్చగా లోపల ఎర్రగా ఉన్న పుచ్చకాయ రిపోర్ట్ అంటారు దీన్ని. మళ్లీ తెరిచిన టికెట్లు, ఒకే సమస్య మీద పదేపదే వచ్చినవి, మూడు టీముల మధ్య తిరిగినవి తీసి చూడండి, ఎరుపు అక్కడ కనిపిస్తుంది.

## ఏదైనా పడిపోయినప్పుడు

పీ1 వస్తే బెంగళూరులో నైట్ షిఫ్ట్ కుర్రాడు క్లయింట్ డైరెక్టర్‌ని నేరుగా నిద్ర లేపొచ్చా?

లేపాలి. తన లీడ్, లీడ్ మేనేజర్, ఆయన పైవాళ్లు అని మెట్లెక్కుతూ పోతే గంట పోతుంది. పదిహేను నిమిషాల్లో కారణం తెలియకపోతే ఈ నంబర్‌కి ఫోన్ చేయొచ్చు అని డైరెక్టర్ పేరుతోనే రాసి ఉండాలి, అనవసరంగా లేపినా ఎవరూ ఏమీ అనరని ఆయనే టీమ్‌కి చెప్పాలి. "సర్ ఏమనుకుంటారో" అనే భయం మన పెంపకంలోనే ఉంది, దాన్ని తీయాల్సింది పైనున్నవాళ్లే.

అంతా రిమోట్‌గానే సరిచేయొచ్చు కదా, అక్కడ మనుషులెందుకు?

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన తప్పుడు అప్‌డేట్ మన సమయం ఉదయం తొమ్మిదిన్నర దాటాక వచ్చింది, దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. గంటంబావులో దాన్ని వెనక్కి తీసుకున్నారు, కానీ పడిపోయిన మెషీన్ దగ్గరికి ఎవరో వెళ్లి సేఫ్ మోడ్‌లో ఫైల్ తీసేయాల్సి వచ్చింది. బూట్ కాని మెషీన్‌కి రిమోట్ సపోర్ట్ ఏం చేస్తుంది? ఎన్‌క్రిప్షన్ రికవరీ కీలు పడిపోయిన సర్వర్లలోనే దాచుకున్నవాళ్లు ఇంకా ఇరుక్కున్నారు. ప్రతి ఊళ్లో చేతులు పెట్టగల మనిషి ఎవరో, కీలు నెట్‌వర్క్ లేకుండా ఎక్కడ దొరుకుతాయో ముందే తేల్చుకోండి.

రోల్‌బ్యాక్ ప్లాన్ (మార్పు చెడితే పాత స్థితికి తెచ్చే ప్లాన్) ఉంది. ఇంకా టెన్షన్ ఎందుకు?

2012 జూన్‌లో బ్రిటన్ ఆర్‌బీఎస్ బ్యాంకు గ్రూప్‌లో బ్యాచ్ జాబులు నడిపే సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్‌లో సమస్య వచ్చి వెనక్కి తీశారు, ఆ వెనక్కి తీయడమే అసలు ప్రమాదం అయింది. 65 లక్షలమందికి పైగా ఖాతాదారులు ఇబ్బంది పడ్డారు, 2014లో మొత్తం 5.6 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. అప్పట్లో కొన్ని బ్రిటిష్ పత్రికలు హైదరాబాద్ వైపు వేలు చూపించాయి, విదేశీ టీములకి దీంతో సంబంధం లేదని బ్యాంకు అధిపతే చెప్పారు. రోల్‌బ్యాక్‌ని టెస్ట్ సర్వర్‌లో నిజంగా చేసి చూడకపోతే అది ప్లాన్ అనిపించుకోదు.

సముద్రంలో కేబుల్ తెగితే మా లింక్ సంగతి?

2008 జనవరిలో అలెగ్జాండ్రియా దగ్గర, 2025 సెప్టెంబర్‌లో ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగి ఇండియాకి కూడా నెట్ మందగించింది. రెండు కంపెనీల లింకులు తీసుకున్నంత మాత్రాన రెండు దారులు ఉన్నట్టు కాదు. ఒకటి ముంబై మీదుగా పడమటికి, ఇంకొకటి చెన్నై, సింగపూర్ మీదుగా తూర్పుకి వెళ్తోందని రాతపూర్వకంగా తీసుకోండి.

ఆర్‌సీఏలో (సమస్యకి అసలు కారణం రాసే రిపోర్ట్‌లో) "హ్యూమన్ ఎర్రర్" అని రాసి ఒకర్ని ప్రాజెక్ట్ నుంచి తీసేశారు. సరైనదేనా?

ఇది నాకు చాలా బాధ కలిగించే అలవాటు. ఒక కుర్రాడు తప్పు కమాండ్ కొట్టాడు, సరే, ఆ కమాండ్‌ని ప్రొడక్షన్‌లో ఒక్కడే కొట్టగలిగేలా ఎవరు పెట్టారు? టెస్ట్‌కీ ప్రొడక్షన్‌కీ తెర రంగు ఒకటే ఎందుకుంది? అతనిది అది ఎన్నో షిఫ్ట్? ఈ ప్రశ్నలేవీ అడక్కుండా అతన్ని బెంచ్ మీదికి (ప్రాజెక్ట్ లేకుండా ఖాళీగా) పంపితే, మిగతా టీమ్ నేర్చుకునేది తర్వాతి తప్పుని ఎలా దాచాలనే. క్లయింట్లకి నా విన్నపం, మనిషి పేరున్న ఆర్‌సీఏని వెనక్కి పంపండి.

## వెండార్‌ని మార్చాల్సి వస్తే

కాంట్రాక్ట్ ముగిస్తున్నామని ఎప్పుడు చెప్పాలి?

ఎగ్జిట్ ప్లాన్ మొదటి కాంట్రాక్ట్‌లోనే ఉంటే ఎప్పుడు చెప్పినా ఫర్వాలేదు, లేకపోతే ముందు కావాల్సినవి చేతికి తెచ్చుకోండి. వార్త తెలిసిన వెంటనే మంచి ఇంజనీర్లని వెండార్ వేరే అకౌంట్లకి మార్చేస్తాడు, కాబట్టి ముఖ్యమైనవాళ్లు చివరిదాకా ఉండాలన్న షరతు అవసరం. టికెట్ల చరిత్ర, స్క్రిప్టులు, మానిటరింగ్ సెట్టింగ్స్, పాస్‌వర్డ్ వాల్ట్, వెండార్ పేరు మీద కొన్న లైసెన్సులు, డొమైన్లు అన్నీ లిస్ట్ వేయండి. సర్టిఫికెట్ల గడువు హెచ్చరికలు ఎవరి మెయిల్‌కి వెళ్తున్నాయో చూడండి, చాలాసార్లు ఎప్పుడో వెళ్లిపోయినవాళ్ల మెయిల్‌కి వెళ్తుంటాయి.

యాక్సెస్‌లన్నీ తీసేశారని ఎలా నమ్మాలి?

వాళ్ల మాట మీద ఆధారపడకండి, మీ లాగ్స్ చూడండి. మనుషుల ఐడీలు అందరూ తీస్తారు, మిగిలిపోయేవి సర్వీస్ ఖాతాలు (మనుషులు కాక ప్రోగ్రాములు వాడేవి), ఏపీఐ కీలు, క్లౌడ్ రోల్స్, సైట్-టు-సైట్ వీపీఎన్, ఫైర్‌వాల్‌లో వెండార్ ఐపీ రూల్స్, ఆన్‌కాల్ ఫోన్ నంబర్లు. సర్వీస్ ఖాతాల పాస్‌వర్డ్‌లు ఒక్కొక్కటిగా మార్చుతూ ఏ జాబు ఆగిపోయిందో చూసుకుంటూ వెళ్లండి, ఒకే రాత్రి అన్నీ మార్చకండి. వెండార్ వెళ్లిన నెల తర్వాత ఒకసారి, మొదటి క్వార్టర్ ముగిశాక ఇంకోసారి ఆ పాత ఐపీల నుంచి, పాత ఖాతాల నుంచి ఏదైనా లాగిన్ ప్రయత్నం ఉందేమో వెతకండి.